పేరు తీసేశారు, నన్ను ఉంచేశారు

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం వినటానికి చాలా పొడిగా ఉంటుంది. ఫారాల ద్వారా సేకరించిన సమాచారాన్ని, ప్రోగ్రామింగ్ రాకపోయినా సరే, మన సంఘం వెబ్‌సైటు మీద మనకు కావలసిన రీతిలో ఎలా అమర్చుకోవాలి అన్నది విషయం. నేను కంప్యూటరు ఇంజనీరుని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఇరవై ఏళ్ళుగా ప్రశ్నావళులు పట్టుకుని బస్తీలలో, పల్లెల్లో తిరుగుతున్నదాన్ని. అయినా మాట్లాడటానికి ఒప్పుకున్నానంటే కారణం ఒక్కటే. ఈ పనిలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పుకి నష్టపోయింది నేను కాదు, మరొక స్త్రీ.

కొన్నేళ్ళ క్రితం మేము కొద్దిమందిమి కలిసి నగరంలో ఇళ్ళలో పనిచేసే స్త్రీల జీతాలు, సెలవులు, వాళ్ళు పడే అవమానాల గురించి సమాచారం సేకరించాం. అందరిలాగే ఫోన్లలో ఫారం నింపాం. జవాబులన్నీ ఒక పట్టికలో చేరాయి. ఆ పట్టికని వెబ్‌సైటు మీద పెట్టటం ఇప్పుడు ఎంత సులువో చూసి మాకు గొప్ప ఉత్సాహం కలిగింది. ఒక్క సాయంత్రంలో పేజీ తయారయింది. పేర్లు, ఫోను నంబర్లు జాగ్రత్తగా తీసేశాం. వయస్సు, సొంత ఊరు, పనిచేసే ప్రాంతం, ఎన్ని ఇళ్ళు, జీతం, ఎదుర్కొన్న సమస్య ఆమె మాటల్లోనే - ఇవన్నీ ఉంచాం. "స్త్రీల గొంతు స్త్రీల మాటల్లోనే వినిపించాలి" అని మేమే అనుకున్నాం. చాలామంది మెచ్చుకున్నారు.

రెండు వారాల తర్వాత ఒకామె మా ఆఫీసుకి వచ్చింది. ఆమె పనిచేసే అపార్టుమెంటులో ఎవరో ఆ పేజీ చదివారు. ఆ వయస్సు, ఆ ఊరు, అన్ని ఇళ్ళు చేసే మనిషి అక్కడ ఆమె ఒక్కతే. "మా ఇంట్లో కప్పులు వేరే పెడతారని రాయిస్తావా" అని ఒకరు, "నీకిక్కడ పని లేదు" అని ఇంకొకరు అన్నారట. మూడు ఇళ్ళ పని పోయింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, "అక్కా, పేరు తీసేశారు గానీ నన్ను ఉంచేశారు" అంది.

ఆమె వయస్సెంత, ఏ ఊరు అన్నది ఇప్పుడు కూడా చెప్పను. చెబితే చేసిన తప్పే మళ్ళీ చేసినట్టవుతుంది.

ఆ ఒక్క వాక్యం నాకు పరిశోధనా పద్ధతుల పాఠాలన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. ఇవాళ మీ ముందు పెట్టేది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

గడి ఎవరు గీస్తారు?

ఫారం అనేది స్త్రీలకు కొత్త కాదు. పుట్టుక నుంచి పింఛను దాకా ఎవరో గీసిన గడుల్లో మనం ఇమడవలసి వస్తూనే ఉంది. ఆ గడి ఎలా గీశారు అన్నదాన్ని బట్టి మనం ఉన్నట్టో లేనట్టో తేలుతుంది. జనాభా లెక్కల సంగతే చూడండి. తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి, పాలు పితికి, నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన స్త్రీని "నువ్వు పని చేస్తావా" అని అడిగితే, "లేదు, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. పక్కనున్న భర్త కూడా అదే అంటాడు. లెక్కలో ఆమె "పని చెయ్యని" మనిషి అయిపోతుంది. స్త్రీల అధ్యయనాలవాళ్ళు, మహిళా సంఘాలవాళ్ళు ఈ విషయం మీద గట్టిగా వాదించారు. 1991 జనాభా లెక్కల్లో ఆ ప్రశ్నకి, పొలంలో గాని కుటుంబ వ్యాపారంలో గాని జీతం లేకుండా చేసే పని కూడా పనే అన్న అర్థం వచ్చే మాటలు చేర్చారు. మారింది ఒక ప్రశ్నలో కొన్ని మాటలే. కానీ ఆ మాటల కోసం ఎంతో కొట్లాడవలసి వచ్చింది.

ఇది ఫారం సంగతి. దీనికి రెండో సగం ఒకటుంది. నిండిన గడుల్ని ఎవరి ముందు, ఏ వరుసలో, ఎంతవరకు పరుస్తారు? ఈ రెండో సగం గురించి మనం ఎక్కువగా ఆలోచించలేదు. కారణం కూడా ఉంది. నిన్నమొన్నటిదాకా ఆ పని మన చేతిలో లేదు. వెబ్‌సైటులో ఒక పట్టిక పెట్టాలంటే ప్రోగ్రామరు కావాలి. అతనికి డబ్బు కావాలి. మనం "ఇలా కాదు బాబూ, అలా" అంటే, "అది కుదరదు మేడమ్, సిస్టమ్ ఒప్పుకోదు" అనేవాడు. సిస్టమ్ ఒప్పుకోలేదో, అతనికి ఓపిక లేదో మనకి తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ మాట చెల్లదు. గూగుల్ ఫారమ్స్‌లో నింపిన జవాబులు నేరుగా గూగుల్ షీట్స్‌లోకి వెళతాయి. నెట్ లేని ఊళ్ళో కూడా ఫోనులో నింపుకుని, తర్వాత పంపుకోవటానికి కోబో టూల్‌బాక్స్ ఉంది. వర్డ్‌ప్రెస్‌తో వెబ్‌సైటు నడిపేవాళ్ళకి గ్రావిటీ ఫారమ్స్, దానితోపాటు నింపిన ఫారాల్ని పేజీగా చూపించే గ్రావిటీవ్యూ ఉన్నాయి. షీటునో, ఎయిర్‌టేబుల్‌నో తీసుకుని పేజీలుగా మార్చే గ్లైడ్, సాఫ్టర్ లాంటివి ఉన్నాయి. కొన్ని ఉచితం, కొన్నిటికి డబ్బు కట్టాలి. దేనికీ కోడు రాయనక్కరలేదు.

వీటన్నిటి లోపలా జరిగే పని దాదాపు ఒక్కటే. ఒకరు ఒక ఫారం నింపితే పట్టికలో ఒక అడ్డవరస. ఒక్కొక్క ప్రశ్నా ఒక నిలువువరస. మనం చేసేదల్లా ఆ నిలువువరసల్లోంచి కావలసినవి ఏరుకుని, పేజీలో కావలసిన చోటికి లాగి వదలటం. గ్రావిటీవ్యూలో అయితే మూడు రకాల పేజీలు విడివిడిగా అమర్చుకోవచ్చు. అందరి వివరాలూ వరసగా కనపడే పేజీ ఒకటి. ఒక్కొక్కరి వివరాలు తెరిచి చూసే పేజీ రెండోది. నింపినది దిద్దుకునే పేజీ మూడోది. ఏ పేజీలో ఏ గడి ఉండాలో, ఆ గడి అందరికీ కనపడాలా, లాగిన్ అయినవాళ్ళకే కనపడాలా అన్నది ప్రతి గడికీ విడిగా చెప్పుకోవచ్చు.

అంటే "సిస్టమ్ ఒప్పుకోలేదు" అని ఇక మనమూ అనలేం. ఆ సాయంత్రం ఆ పేజీ అమర్చింది నేనే. ఆమె ఊరుని లాగి పేజీలో పెట్టిన చెయ్యి నాదే. అధికారం మన చేతికి వచ్చిందంటే బాధ్యత కూడా వచ్చినట్టే.

అయిదు సంగతులు

మొదటిది. పేజీని ముందు కాగితం మీద గీయండి, ఫారం తర్వాత రాయండి. మనం దీన్ని తలకిందులుగా చేస్తాం. "ఎందుకైనా పనికొస్తుంది" అని నలభై ప్రశ్నలు అడిగేసి, ఆ తర్వాత ఏం చూపించాలా అని చూస్తాం. కాగితం మీద ఎడమవైపు ఎవరు చూస్తారో రాయండి: ఫారం నింపిన స్త్రీ, మన కార్యకర్త, వకీలు, అధికారి, విలేకరి, ఆమె భర్త, ఆమె యజమాని. పైన గడుల పేర్లు రాయండి. ఎవరికి ఏది కనపడితే ఏమవుతుందో ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుంటూ రండి. ఎవరికీ అక్కరలేని గడి కనపడితే దాన్ని ఫారంలోంచే కొట్టెయ్యండి. మనం అడగని ప్రశ్నకి జవాబు ఎప్పటికీ బయటపడదు. పుట్టినతేదీ బదులు "25 నుంచి 34 మధ్య" అంటే సరిపోయేచోట పుట్టినతేదీ ఎందుకు?

రెండోది. ఆమె పేరు ఒక్క గడిలోనే ఉండదు. విడివిడిగా ఏమీ చెప్పని గడులు కలిస్తే మనిషిని పట్టిస్తాయి. అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990లలో ఈ సంగతి నిరూపించింది. పేర్లు తీసేసి విడుదల చేసిన ఆసుపత్రి వివరాల్ని, ఎవరైనా కొనుక్కోగలిగిన ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నరు వైద్య వివరాల్నే బయటికి తీసింది. పుట్టినతేదీ, స్త్రీయా పురుషుడా, తపాలా పిన్‌కోడు - ఆమె వాడినవి ఈ మూడే. అక్కడ గవర్నరుకే దిక్కులేకపోతే మన ఊళ్ళో, వీధికొక కులం, కులానికి పది గడపలు ఉండే చోట, "ఫలానా కులం, ఒంటరి స్త్రీ, కుట్టుపని" అంటే ఊరంతా వేలెత్తి చూపించదూ?

చట్టం కూడా ఈ సంగతిని గుర్తించింది. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో బయటపెట్టటం నేరమని 1983లో శిక్షాస్మృతిలో 228-ఎ సెక్షన్ చేర్చారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. పేరు ఒక్కటే కాదు, దూరాన్నుంచైనా ఆమెని పోల్చుకోవటానికి దారితీసే ఏ వివరాన్నీ ప్రచురించకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పనిచేసేచోట లైంగిక వేధింపుల చట్టం, అంటే 2013 చట్టం, 16వ సెక్షన్‌లో ఫిర్యాదులోని విషయాల్ని, ఫిర్యాదు చేసినామె వివరాల్ని బయటపెట్టటాన్ని నిషేధించింది. కాబట్టి హింసకి సంబంధించిన ఫిర్యాదులు ఒక్కొక్కటిగా కనపడే పేజీ మన వెబ్‌సైటు మీద అసలు ఉండకూడదు. మొత్తాలు మాత్రమే ఉండాలి. ఆ మొత్తాలు కూడా మరీ చిన్నవైతే అంకె వెయ్యకండి. "ఈ మండలంలో 1" అని వేస్తే ఆ ఒకరు ఎవరో మండలమంతా వెతుకుతుంది. "5 కన్నా తక్కువ" అని వేసి ఊరుకోండి, లేదా మండలాలు కలిపి జిల్లా మొత్తం వెయ్యండి.

మూడోది. దాచటం వేరు, లేకపోవటం వేరు. ఇది చాలామంది పొరబడే చోటు. షీటులో ఒక నిలువువరసని మూసేసి, ఆ షీటు లింకు అందరికీ ఇస్తాం. కంటికి కనపడదు గదా అనుకుంటాం. లింకు ఉన్న మనిషి దాన్ని కాపీ చేసుకోగలిగితే, తన కాపీలో ఆ వరసని తెరిచి చూసుకుంటాడు. పేజీ మీద గడి పెట్టకపోయినా, పేజీతోపాటు సమాచారం మొత్తం చూసేవాళ్ళ ఫోనులోకి దిగే పద్ధతులు కొన్ని ఉన్నాయి. కాబట్టి ఇంటికి రెండు బీరువాలు ఉన్నట్టు రెండు పట్టికలు పెట్టుకోండి. అసలు పట్టిక ఇద్దరు ముగ్గురి చేతిలోనే ఉండాలి. బయటికి చూపించవలసిన వరసలు మాత్రమే రెండో పట్టికలోకి తీసుకుని, పేజీని దానికే తగిలించండి. అక్కడ పేరు లేదు గనక ఎంత గాలించినా దొరకదు. ఫొటోలతో కూడా జాగ్రత్త. ఫోనుతో తీసిన ఫొటోలో, తీసిన చోటు కూడా నమోదై ఉండవచ్చు.

నాలుగోది. ఏదీ దానంతటది పేజీ మీదికి ఎక్కకూడదు. ఫారం నింపగానే పేజీ మీద కనపడటం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ "మీ మాటల్లో చెప్పండి" అన్న గడిలో ఎవరైనా ఏదైనా రాయవచ్చు. ఒకామె తన వదిన పేరు రాస్తుంది, మరొకామె తన కూతురు చదివే స్కూలు పేరు రాస్తుంది. గ్రావిటీవ్యూలో, మనం చదివి ఆమోదించిన వివరాలే కనపడేట్టు పెట్టుకోవచ్చు. ఆమోదం అనే నిలువువరస ఒకటి చేర్చుకుంటే మిగతా పద్ధతుల్లోనూ చెయ్యవచ్చు. ఆ చదివే పని ఒక్కరి మీద పెట్టకండి, ఇద్దరు చదవాలి. అలాగే పేజీ పైన వెతికే పెట్టె పెట్టేటప్పుడు ఏ గడుల్లో వెతకనిస్తున్నారో చూసుకోండి. ఊరు కనపడకుండా చేసి, ఊరు పేరుతో వెతకనిస్తే దాచి ఏం లాభం?

అయిదోది. నింపిన స్త్రీకి అందని పేజీ ఆమె పేజీ కాదు. మనం ఆఫీసులో పెద్ద తెర మీద పది నిలువువరసల పట్టిక చూసి మురిసిపోతాం. ఆమె చూసేది చేతిలోని ఫోనులో. అక్కడ ఆ పట్టిక పక్కకి పోయి సగం కనపడదు. ఒక్కొక్కరి వివరం ఒక్కొక్క చీటీలా, ఒకదాని కింద ఒకటి వచ్చేట్టు అమర్చండి. అక్షరాలు తెలుగులో ఉండాలి. ఇంగ్లీషుకి సరిపోయే వరసల ఎడం పెడితే మన వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. కాస్త ఎడం పెంచండి. ఊళ్ళ పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు టైపు చెయ్యకుండా జాబితాలోంచి ఎంచుకునేట్టు పెట్టండి. లేకపోతే ఒకే ఊరు మూడు రకాలుగా రాసి ఉంటే అది మూడు ఊళ్ళుగా లెక్కకొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె తన జవాబు మార్చుకోవటానికి, వెనక్కి తీసుకోవటానికి దారి ఉండాలి. అంగీకారం అంటే ఫారం చివర ఒక టిక్కు కాదు. "ఈ వివరం మా దగ్గర ఉంచుకోవచ్చా? లెక్కలో కలపవచ్చా? మీ మాటలు బయటికి చూపించవచ్చా?" అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కుని గుర్తించింది.

చూపు ఎటువైపు?

ఇంతా విని, "అయితే అన్నీ దాచేసుకుందామా" అని మీరు అడగవచ్చు. కాదు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చాక జాబ్ కార్డులు, మస్టరు రోళ్ళు పేర్లతో సహా బయట పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీల్లో ఊరి మధ్యన ఆ పేర్లు చదివితే, పని చెయ్యనివాళ్ళ పేరు మీద డబ్బు తీసిన సంగతులు బయటికి వచ్చాయి. అక్కడ పేరు చదవటం కూలీకి రక్షణ అయింది. ఎందుకంటే అక్కడ లెక్క చెప్పవలసినవాడు అధికారి. చూపు కింది నుంచి పైకి ఉంది. మేము పెట్టిన పేజీలో చూపు పై నుంచి కిందికి ఉంది. యజమాని తన పనిమనిషిని చూశాడు. పనిమనిషికి యజమాని కనపడలేదు.

గోప్యత అనే మాటని కూడా ఇలాగే పరీక్షించాలి. ఇందాక చెప్పిన 2023 చట్టమే సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్ని మార్చి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు, ఇవ్వనక్కరలేదనేట్టు చేసింది. దీన్ని సమాచార హక్కు కార్యకర్తలు వ్యతిరేకించారు. బలహీనులకి కవచం కావలసిన గోప్యత బలవంతులకి తలుపు గడియ కాకూడదన్నది వాళ్ళ ఆందోళన. అది మన ఆందోళన కూడా కావాలి.

కాబట్టి గడిని పేజీలోకి లాగే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ గడి ఎవరిని చూపిస్తోంది? ఫిర్యాదు చేసినామెనా, ఫిర్యాదు తీసుకున్నవాడినా? మన వెబ్‌సైటులో మొత్తం ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏ కార్యాలయానికి పంపాం, ఎన్నాళ్ళయింది, ఏం జవాబు వచ్చింది అన్న గడులు ఉండవచ్చు. అవి పెద్ద అక్షరాల్లో ఉండవచ్చు. మనం సాధారణంగా ఆమె వయస్సు ముందు పెట్టి, అధికారి జాప్యాన్ని చివర పెడతాం. అసలు ఆ గడే పెట్టం. ఈ వరస మార్చటానికి ఇప్పుడు ఏ ఇంజనీరూ అక్కరలేదు. మౌసు పట్టుకుంటే చాలు.

మా సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె వచ్చిన రోజే పేజీ తీసేశాం. పోయిన పని మాత్రం తిరిగి రాలేదు. మేము వేరేచోట్ల అడిగి రెండు ఇళ్ళు చూపించగలిగాం, అంతే. కొన్ని నెలల తర్వాత కొత్త పేజీ గురించి మాట్లాడటానికి ఇళ్ళలో పనిచేసే స్త్రీలని పిలిచాం. ఆమె వస్తుందనుకోలేదు, వచ్చింది. కంప్యూటరు తియ్యకుండా, నేల మీద చార్టు పరిచి గడులు గీశాం. ఒక్కొక్క గడి చూపించి, "ఇది పెడదామా, వద్దా" అని అడుగుతూ వచ్చాం. వయస్సు దగ్గరికి రాగానే ఆమె స్కెచ్ పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసింది. "నా వయస్సెందుకక్కా వాళ్ళకి? ఏ ఏరియాలో ఎన్ని గిన్నెలకి ఎంత ఇస్తున్నారో, నెలకి ఎన్ని సెలవులిస్తున్నారో అది పెట్టండి. రేపు నేను కొత్త ఇంటికి పోతే ఎంత అడగాలో నాకు తెలుస్తుంది" అంది.

నేను పిహెచ్.డి. చేసినదాన్ని. ఆ పేజీని చూసేది ఆమే అయి ఉండవచ్చునని, అందులో ఆమెకి పనికొచ్చేది ఏదైనా ఉండాలని నాకు అప్పటిదాకా తట్టలేదు. మేము ఆమె గురించి పేజీ తయారుచేశాం గాని ఆమె కోసం చెయ్యలేదు.

ఇప్పుడు మన పేజీలో ప్రాంతాల వారీగా జీతాలు, సెలవులు, పండగ బోనసు ఉన్నాయి. ఏ ప్రాంతంలోనైనా అయిదుగురి కన్నా తక్కువమంది చెప్పి ఉంటే ఆ గడి ఖాళీగా ఉంటుంది. మనుషుల వివరాలు లేవు. మధ్యాహ్నం మీరంతా కంప్యూటర్ల ముందు కూర్చుని మీ మీ సంఘాల పేజీలు అమర్చబోతున్నారు. దానికి ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. వీలైతే, ఆ ఫారం నింపిన స్త్రీ ఒకామెని పక్కన కూర్చోబెట్టుకుని, పెన్ను ఆమె చేతికి ఇవ్వండి.